మూడు వరుసల ముంగట

హన్మకొండల ఆదివారం మాట్నీ.
టికెట్లు నేనే కొన్న, ఐదు.
నాలుగు ఆళ్లకు, ఒక్క వరుసల.
ఒకటి నాకు, మూడు వరుసల ఎనుక.
సంహిత పెట్టిన షరతు అది:
"డాడీ, హాల్ల నువ్వెవరో మాకు తెల్వదు."
సరేనన్న.
తెల్వని మనిషి లెక్కనే పాప్‌కార్న్ పైసలు గూడ ఇచ్చిన.

తెర మీద ఒక పోరడు.
మీసం ఇంకా రాలే, వచ్చిందని సగం నమ్ముతున్నడు.
అద్దం ముంగట పది తీర్ల "హలో" అంటున్నడు.
పదకొండోది ఆ పిల్ల ముంగట అనాలె,
గొంతు కీచుమన్నది.
హాలంత గొల్లున నవ్వింది.

కథేం లేదు. ఉన్నది మనకెర్కనే:
ఒక సైకిలు, ఒక పరీక్ష, అచ్చిరాని ఒక అంగి,
ఇంటికి పోయినంక యాదికొచ్చే జవాబు.
ఈ పోరడు ఫెయిలైతడు, మోరిల పడ్తడు,
ఆఖరికి ఏం కాదు.
గీ "ఏం కాదు" కోసమే వస్తరనుకుంట జనం,
నూటయాభై పెట్టి.

నా పదో తరగతిల ఆ మాట ఎవ్వలు చెప్పలే.

మా బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మిర్చి సీజన్ల ఇల్లంత ఘాటు,
దండెం మీది నా అంగీకి గూడ.
నేను క్లాసులకు పోతె
ముంగటి బెంచి కెల్లి ఎనుక బెంచి దాక
తుమ్ములు నడిచేటియి.
కొమ్రెల్లి గాడు లెక్కబెట్టేటోడు, హాజరు తీసినట్టు.

జలజకు చిట్టి రాసిన.
నాలుగు రోజులు రాసిన, నాలుగు లైన్లు.
ఆమె ఇప్పింది.
ఒక్క అక్షరం సదవలే,
ఏడు తుమ్ములు.
ఎనిమిదోదానికి సోషల్ సార్ వచ్చి
చిట్టి గుంజుకొని ఆయినె గూడ తుమ్మిండు.

ఇయ్యాల రాస్తుంటె నాకే నవ్వొస్తుంది.
ఆ దినం మాత్రం
మిల్లు గోడ పొంటి నడుసుకుంట ఏడ్సిన.
ఎవలన్న అడిగితె మిర్చి అని చెప్దామనుకున్న.
ఎవ్వలు అడగలే.

తెల్లారి బాపు టిఫిన్ డబ్బ తెచ్చిండు, మర్చిపోయినా అని.
గేటు కాడ నిలవడ్డడు, నెత్తికి తువ్వాల,
కనురెప్పల మీద ఎర్ర దుమ్ము.
"గీడికి రాకు బాపూ" అన్న.
ఆయినె డబ్బను గోడ మీద పెట్టిండు,
నాకు కాదు, గోడకే ఇచ్చినట్టు.
మల్ల రాలే.
ఎన్నడు ఆ ముచ్చట తియ్యలే గూడ.

గిదే సీను ఇప్పుడు తెర మీద నడుస్తుంది.
తండ్రి లూనా మీద బడి కాడికొస్తడు,
బనీను బయటికి కనవడ్తది,
పోరడు చెట్టు సాటుకు ఉరుకుతడు.
హాలంత నవ్వుతుంది. నేనూ నవ్విన.
నవ్వు నడిమిట్ల సమజైంది:
ఇన్నేండ్లు ఈ తీరు సినిమాలల్ల
ఆ పోరణ్ణి నేనే అనుకుంట సూసిన.
ఎప్పుడు మార్చిండ్రో నా పాత్ర.

మూడు వరుసల ముంగట సంహిత నవ్వు.
ఇంట్ల గింత నవ్వదు.
నవ్వినా నోటికి చెయ్యి అడ్డం పెడ్తది,
పండ్లకు తీగెలున్నయని.
చీకట్ల చెయ్యి తీసినట్టుంది.

లైట్లు ఏసిండ్రు.
ఒప్పందం ప్రకారం నన్ను సూడకుంటనే దాటిపోయింది.
స్కూటర్ కాడ, సోపతోళ్లు ఆటో ఎక్కినంక,
హెల్మెట్ పెట్టుకుంట అన్నది:
"గంత గట్టిగ నవ్వుతవా డాడీ? మస్తు ఇజ్జత్ పోయింది."
"నన్నెట్ల గుర్తువట్టిండ్రు ఆళ్లు?"
"గుర్తువట్టలే. నేనే చెప్పిన."

కిక్కు కొట్టిన.
బండి మూడోసారికి లేసింది.